ఆ గంట అడగడానికి సిగ్గెందుకు?

మీ అబ్బాయి లా చదువుతానన్నాడనుకోండి. మాటకారి. ఇంట్లో ఏ తగాదా వచ్చినా రెండు వైపులా తనే వాదించగలడు. కానీ పెన్ను పట్టుకుంటే పది వాక్యాలకే వేళ్లు బిగుసుకుపోతాయి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. చిన్నప్పుడు ‘చేతిరాత బాగోదు’ అని మీరు సరిపెట్టుకున్నారు. ట్యూషన్ మాస్టారు ‘బద్ధకం’ అని తేల్చేశారు. ఇంటర్ దాకా ఎలాగో నెట్టుకొచ్చాడు. ఇప్పుడు ముందున్నవి క్లాట్ లేదా లాసెట్, ఆ తర్వాత ఐదేళ్ల కోర్సులో పది సెమిస్టర్లు, పట్టా చేతికొచ్చాక బార్ కౌన్సిల్ పెట్టే అర్హత పరీక్ష. ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఆ వేళ్లు మొరాయిస్తాయి. అప్పుడేం చేస్తారు?

మన ఇళ్లలో సాధారణంగా రెండే జవాబులు వినిపిస్తాయి. ఒకటి, ‘లా వద్దులే, ఇంకేదైనా చూద్దాం’. రెండోది, ‘ఎవరికీ చెప్పకు, ఎలాగోలా రాసెయ్’. మొదటి మాట పిల్లాడి దారి మూసేస్తుంది. రెండోది ఇంకా ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం. ఎందుకంటే అడిగితే దొరికే సాయాన్ని అది మీ చేతులతోనే దూరం చేస్తుంది.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో 21 రకాల వైకల్యాలున్నాయి. కాలూ చెయ్యీ కనిపించేవే కాదు, చదవడంలో రాయడంలో వచ్చే ఇబ్బందులు, మానసిక అనారోగ్యం, వినికిడి లోపం, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ లాంటివీ ఉన్నాయి. ఈ చట్టంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది సహేతుకమైన సర్దుబాటు అనే భావన. పరీక్షను తేలిక చేయమని కాదు దాని అర్థం. ప్రశ్నపత్రం అందరికీ అదే. దాన్ని చదివే పద్ధతి, జవాబు ఇచ్చే పద్ధతి మాత్రం మనిషిని బట్టి మారొచ్చు. పెద్దక్షరాల ప్రశ్నపత్రం, స్క్రీన్ రీడర్ ఉన్న కంప్యూటర్, స్క్రైబ్ అంటే మనం చెబుతుంటే రాసిపెట్టే సహాయకుడు, అదనపు సమయం, కింది అంతస్తులో గది. అంతే.

అదనపు సమయం ఎంత? కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాలన్నారు. క్లాట్ రెండు గంటల పరీక్ష కాబట్టి 40 నిమిషాలు. 90 నిమిషాల లాసెట్‌కు అదే లెక్క వేస్తే అరగంట. మూడు గంటల సెమిస్టర్ పరీక్షకు ఒక గంట.

ఆ గంట దగ్గరే మన మధ్యతరగతి ఇళ్లలో గొణుగుడు మొదలవుతుంది. ‘మా వాడు పగలూ రాత్రీ చదివాడు. పక్కవాడికి గంట ఎక్కువిస్తే న్యాయమేనా? రేపు కోర్టులో జడ్జిగారు వాడికి గంట ఎక్కువిస్తారా?’ ఈ ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను. తీసిపారేయాల్సిన ప్రశ్నేమీ కాదు. అందుకే ఓసారి కోర్టు మెట్లెక్కి చూద్దాం.

మన కోర్టుల్లో గడువు అడగని వకీలును చూపించండి! వాయిదా అన్న మాట లేకుండా మన భాషలో కోర్టు గురించి ఒక్క సామెతైనా పుట్టేదా? సివిల్ దావాలో ప్రతివాది జవాబు దాఖలు చేయడానికి చట్టం 30 రోజులిస్తుంది. కారణం చూపితే 90 రోజుల దాకా పొడిగించొచ్చని ఆ చట్టంలోనే రాసి ఉంది. పరిస్థితిని బట్టి సమయం ఇవ్వడం న్యాయానికి విరుద్ధం కాదని మొదట ఒప్పుకున్నదే ఈ వృత్తి.

ఇక రాత సంగతి. పేరున్న సీనియర్ లాయర్లు పిటిషన్లు తమ చేత్తో రాస్తారా? చెబుతుంటే జూనియరో స్టెనోనో రాసుకుంటారు, టైప్ చేస్తారు. ప్లీడరు గుమాస్తా లేని ఆఫీసును మన తాతల కాలంలో ఊహించను కూడా లేరు. జడ్జిలు నిండు కోర్టులో కూర్చుని తీర్పు చెబుతుంటే పక్కన స్టెనోగ్రాఫర్ రాసుకుంటారు. అది వారి హోదాకు తగిన పద్ధతి. అదే పని ఇరవై ఏళ్ల కుర్రాడు పరీక్ష హాల్లో చేస్తే మాత్రం అనుమానం! వృత్తిలో ఎవరూ అడగని చేతివేగాన్ని వృత్తిలోకి వచ్చే గుమ్మం దగ్గర ఎందుకు కొలుస్తున్నాం? సెక్షన్ తెలుసా, దాన్ని వాస్తవాలకు అన్వయించగలడా, ఎదుటివాడి వాదనలో లోపం పట్టగలడా అన్నవి కొలవాలి. వేళ్ల కండరాలను కొలవడానికి వేరే డాక్టర్లున్నారు.

ఆ వేళ్ల గురించి కొంచెం చెప్పాలి. ఇది ఆరోగ్యం పేజీ కదా.

రైటర్స్ క్రాంప్ అనే సమస్య ఉంది. పెన్ను పట్టుకుని రాయబోతే చాలు, వేళ్లు, మణికట్టు తమకు తామే బిగుసుకుపోతాయి. అదే చెయ్యి అన్నం కలుపుతుంది, చాలామందిలో కీబోర్డు మీద బాగానే ఆడుతుంది. అందుకే చూసేవారికి నాటకంలా అనిపిస్తుంది. నిజానికి ఇది డిస్టోనియా అనే జబ్బులో ఒక రకం. కదలికలను నడిపే మెదడు వ్యవస్థలోని తేడా వల్ల వస్తుంది. కండలో బలం లేక కాదు, భయం వల్ల కూడా కాదు. న్యూరాలజిస్టు చూసి నిర్ధారిస్తారు. కొందరికి బొటాక్స్ ఇంజెక్షన్లు, థెరపీ కొంత ఉపశమనం ఇస్తాయి.

డిస్‌గ్రాఫియా వేరు. అది చిన్నప్పటి నుంచే ఉంటుంది. ఆలోచన తల్లో స్పష్టంగా ఉన్నా కాగితం మీదికి వచ్చేసరికి అక్షరం, అంతరం, వరస చెదిరిపోతాయి. డిస్‌లెక్సియాలో చదవడమే నెమ్మదిస్తుంది. వీటికీ తెలివితేటలకూ సంబంధం లేదు. నోటితో అడిగితే జవాబు చెప్పే పిల్లాడు రాతపరీక్షలో ఎందుకు తప్పుతున్నాడన్న అనుమానం మొదట రావాల్సింది తల్లికి, టీచరుకు.

ఇంకొకటి, మన ప్రాంతంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది. మేనరికాలున్న కుటుంబాల్లో వంశపారంపర్య రెటీనా జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువ. రెటినైటిస్ పిగ్మెంటోసాలో మొదట చీకట్లో చూపు తగ్గుతుంది, తర్వాత పక్కచూపు కుదించుకుపోతుంది. మధ్యచూపు చాలాకాలం బాగానే ఉంటుంది కాబట్టి ‘కనిపిస్తోందిగా’ అంటారు. కానీ పేజీ మీద ఒక వరస నుంచి ఇంకో వరసకు చూపు దూకడం వాళ్లకు పెద్ద పని. సగం పేజీ ఉండే పేరా చదివి ప్రశ్నలకు జవాబివ్వాల్సిన క్లాట్‌లో ఇది ఎంత భారమో ఊహించుకోండి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో చూపు తగ్గినవారి కోసం పునరావాస విభాగం ఉంది. కంటికి ఇక వైద్యం లేదన్నాక కూడా చదువుకు దారి ఉందని అక్కడ నేర్పుతారు.

ఇలాంటి పిల్లలు లాయర్లవుతారా? అయ్యారు. చిన్నతనంలోనే మశూచితో చూపు పోయిన సాధన్ గుప్తా బారిస్టరై, 1953లో లోక్‌సభకు ఎన్నికై, తర్వాత పశ్చిమ బెంగాల్ అడ్వకేట్ జనరల్ అయ్యారు. ఢిల్లీలో ఎస్.కె.రుంగ్తా చూపు లేకుండానే సీనియర్ అడ్వకేట్ హోదా పొందారు. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సైగల భాష తెలిసిన దుబాసీ సాయంతో సుప్రీంకోర్టులో హాజరయ్యారు.

అయితే వీళ్ల పేర్లు చెప్పి ‘చూశారా, పట్టుదల ఉంటే చాలు’ అనడం నాకిష్టం లేదు. పట్టుదల ఉండి, గుమ్మం దగ్గరే ఆగిపోయినవాళ్ల పేర్లు మనకు తెలియవు. విచిత్రమేమిటంటే, హక్కుల గురించి చెప్పాల్సిన వృత్తిలోకి రావడానికే ఆ హక్కుల కోసం కోర్టుకెళ్లాల్సి వస్తోంది. బార్ కౌన్సిల్ నిర్వహించే ఆలిండియా బార్ ఎగ్జామ్ సంగతే చూడండి. నూరు ప్రశ్నలు. చట్టాల పుస్తకాలు, నోట్సు రాయనివి, లోపలికి తీసుకెళ్లొచ్చు. అందరికీ ఇది వెసులుబాటు. చూపులేని అభ్యర్థికి మాత్రం అచ్చుపుస్తకం ఒక బరువు, అంతే! 2024 డిసెంబరులో, పరీక్షకు కొద్ది రోజుల ముందు, సుప్రీంకోర్టు కలగజేసుకుని, వాళ్లను జాస్ అనే స్క్రీన్ రీడర్ ఉన్న కంప్యూటర్ వాడుకోనివ్వాలని, చట్టాలను సాఫ్ట్ కాపీలుగా అందించాలని చెప్పాల్సి వచ్చింది. అందరికీ ఇచ్చిన సౌకర్యమే వీళ్లకు పనికొచ్చే రూపంలో ఇవ్వడానికి అంత దూరం వెళ్లాలా?

న్యాయమూర్తి పదవి విషయంలో ఇంకా ఆలస్యమైంది. మధ్యప్రదేశ్ నియమాల్లో చూపులేనివారు జిల్లా న్యాయవ్యవస్థలోకి రాకూడదని ఉండేది. న్యాయమూర్తి కావాలనుకున్న ఓ బిడ్డ తల్లి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు దాన్నే కేసుగా తీసుకుంది. 2025 మార్చి 3న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం ఆ నియమాన్ని కొట్టేసింది. వైకల్యం ఒక్కటే కారణంగా ఎవరినీ న్యాయసేవలకు దూరం పెట్టకూడదంది. లాయరు కాదు, పెద్ద సంఘం కాదు. ఒక అమ్మ, ఒక ఉత్తరం.

ఇక 40 శాతం అనే అంకె. ఇది చాలామందిని తికమక పెడుతుంది. ‘డాక్టరు 25 శాతమే వేశారు, ఇంక మనకేం రాదు’ అని సర్టిఫికెట్ బీరువాలో పడేస్తారు. 40 శాతం గీత రిజర్వేషన్ల కోసం. పరీక్షలో సర్దుబాటు అడగడానికి ఆ గీత అడ్డు కాకూడదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. సివిల్స్ రాయబోయిన ఆ అభ్యర్థికి ఉన్నది రైటర్స్ క్రాంపే. యూపీఎస్సీ స్క్రైబ్‌ను ఇవ్వనంది, కోర్టు ఇవ్వాలంది. దాని ఫలితంగానే 2022 ఆగస్టులో, 40 శాతం లోపు ఉండి రాయడంలో ఇబ్బంది పడేవారికి కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. 2025 ఫిబ్రవరిలో గుల్షన్ కుమార్ కేసులోనూ కోర్టు అదే మాట నొక్కి చెప్పింది. అంటే దారి ఉంది. దారి పొడవునా కాగితాలు అడుగుతారు.

ఇక్కడే మీతో గట్టిగా మాట్లాడాలి. ఆ కాగితం కోసం చాలామంది తల్లిదండ్రులు వెళ్లరు. తెలియక కొందరు. తెలిసీ వెళ్లనివాళ్లే ఎక్కువ. ‘సదరం క్యాంపులో వరసలో నిలబడితే తెలిసినవాళ్లెవరైనా చూస్తారు’, ‘ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి’, ‘ఆ ముద్ర పడితే జీవితాంతం పోదు’ అంటారు. నాకు తెలిసిన ఓ అమ్మాయి లా కాలేజీలో మూడేళ్లూ మణికట్టుకు పట్టీ వేసుకుని, నొప్పి మాత్రలు మింగి పరీక్షలు రాసింది. ఇంట్లో తెలుసు, కాలేజీలో తెలియదు. చివరి ఏడాది ధైర్యం చేసి అదనపు సమయం అడిగితే, ‘ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెలా వచ్చింది?’ అన్నారు. వాళ్ల దృష్టిలో అది సహజమైన ప్రశ్నే. పాత కాగితం ఒక్కటీ లేదు మరి. పదేళ్ల వయసులో తీసుకోవాల్సిన రిపోర్టు ఇరవై మూడేళ్లకు పుట్టించలేం.

ముద్ర భయం గురించి ఒక్క మాట. అమెరికాలో లా కాలేజీల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో అదనపు సమయంతో రాసినవారి స్కోరు పక్కన గుర్తు పెట్టి కాలేజీలకు పంపేవారు. 2014లో ప్రభుత్వంతో కోర్టులో కుదిరిన ఒప్పందంతో ఆ పద్ధతి మానేశారు. ముద్ర వేయడమే తప్పని అక్కడ తేలింది. మనమేమో ఎవరూ వేయకముందే పిల్లల నుదుటి మీద మనమే ముద్ర ఊహించుకుంటున్నాం.

దొంగ సర్టిఫికెట్ల మాటేమిటంటారా? ఉన్నాయి. పింఛన్ల కోసం, ఉద్యోగాల కోసం తీసుకున్నవాళ్ల వార్తలు మన పత్రికల్లోనే చదివాం. వాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ పట్టుకోవాల్సిన చోటు మెడికల్ బోర్డు, ముందుగా, తీరిగ్గా. పరీక్ష మొదలయ్యే పది నిమిషాల ముందు హాల్లో ఇన్విజిలేటర్ పిల్లాడి చెయ్యి చూసి ‘బాగానే ఉందే’ అనడం తనిఖీ కాదు. అలా ఒక్కసారి గంట పోతే తిరిగి రాదు. 2021లో నీట్ రాసిన డిస్‌గ్రాఫియా విద్యార్థినికి పరీక్ష కేంద్రంలో అదనపు గంట ఇవ్వలేదు. అది తప్పేనని సుప్రీంకోర్టు అంది. కానీ మళ్లీ పరీక్ష పెట్టించలేదు. న్యాయం గెలిచింది, గంట మాత్రం పోయింది.

అందుకని పనులు ముందే చేసుకోవాలి. నేర్చుకోవడంలో సమస్యలకు 2018 మార్గదర్శకాల్లో ఒక క్రమం ఉంది. ఎనిమిదేళ్లు నిండాక మొదటి సర్టిఫికెట్, 14 ఏళ్లకు ఒకసారి, 18కి మరోసారి పరీక్ష. పద్దెనిమిదికి ఇచ్చింది జీవితాంతం చెల్లుతుంది. పద్దెనిమిది అంటే దాదాపు క్లాట్ రాసే వయసు! ఆ ఏడాది కోచింగ్ ఫీజు కట్టే హడావుడిలో ఈ పని మరిచిపోతారు. వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీకి దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. బోర్డు ముందుకు వెళ్లేటప్పుడు స్కూలు నోట్సులు, పాత రిపోర్టులు, టీచర్ల వ్యాఖ్యలు తీసుకెళ్లండి. 40 శాతం లోపు వారికి స్క్రైబ్ కోసం ప్రత్యేక నమూనాలో, కొన్ని విభాగాల డాక్టర్లు కలిసి ఇచ్చే సర్టిఫికెట్ అడుగుతారు. ఆ సంతకాలన్నీ ఒక్క రోజులో దొరకవు.

డాక్టరు దగ్గర ఇంకో విషయం అడిగించుకోండి. శాతం ఎంత అని కాదు, పరీక్షలో ఏం కావాలి అని. ఎందుకంటే అన్నిటికీ గంటే మందు కాదు. చెయ్యి బిగుసుకుపోయే వాడికి మూడు గంటల రాతను నాలుగు గంటలు చేస్తే బాధ గంట పెరుగుతుంది. వాడికి కావాల్సింది కీబోర్డో స్క్రైబో. కీళ్లవాతం ఉన్న అమ్మాయికి మధ్యలో లేచి నడిచే విరామం అవసరం కావచ్చు. టైప్ 1 మధుమేహం ఆ 21లో లేదు. అయినా హాల్లో గ్లూకోజ్ బిళ్లలు, నీళ్లు, షుగర్ చూసుకునే పరికరం దగ్గరుండాలి. పది, పన్నెండు తరగతులకు సీబీఎస్ఈ 2017లోనే తినుబండారాలు అనుమతించింది. లా పరీక్షలకూ ముందుగా రాతపూర్వకంగా అడగండి.

స్క్రైబ్‌తో రాయడం ఒక విద్య. చాలామంది పరీక్ష రోజునే మొదటిసారి ఆ మనిషిని చూస్తారు. సెక్షన్ నంబర్లు, కేసుల పేర్లు, మెన్స్ రియా, రెస్ జుడికేటా లాంటి లాటిన్ మాటలు చెబుతుంటే ఎదుటివాళ్లు ఏం రాస్తున్నారో తెలియదు. సాధారణంగా స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే తక్కువే ఉండాలంటారు. అంటే లా తెలియని మనిషికి లా చెప్పి రాయించాలి. స్పెల్లింగ్ ఎక్కడ చెప్పాలి, పేరా ఎక్కడ మార్చమనాలి, రాసింది ఎప్పుడు చదివించుకోవాలి అన్నవి సాధనతోనే వస్తాయి. ఇంట్లో తమ్ముడినో చెల్లినో కూర్చోబెట్టి నాలుగైదు పాత ప్రశ్నపత్రాలు పూర్తి సమయంతో చేయించండి. మొదటిసారి సగం కూడా పూర్తికాదు, కంగారు పడొద్దు. గొంతు ఎండిపోతుంది, అలసట వస్తుంది. అదనపు సమయంతో కలిపి నాలుగు గంటలు మాట్లాడుతూ ఆలోచించడం శరీరానికీ పనే. వాడే మందుల్లో మగత వచ్చేవి ఉంటే వేళలు మార్చుకోవచ్చేమో డాక్టరును నెల ముందే అడగండి, పరీక్ష ముందు రోజు కాదు.

కాలేజీలు చేయాల్సింది కూడా ఉంది. హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రం చేసిన నివేదికను ఆధారం చేసుకునే సుప్రీంకోర్టు 2024 నవంబరులో, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నియమాలు చేయాలంది. మన ఊళ్లోని విశ్వవిద్యాలయం చేసిన పని అది. మరి మిగతా లా కాలేజీల్లో మూట్ కోర్టు హాలు ఎన్నో అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేస్తోందా, లైబ్రరీ కంప్యూటర్లో స్క్రీన్ రీడర్ ఉందా? అడ్మిషన్ రోజు ఫీజు ఎంతని అడుగుతాం, హాస్టల్లో భోజనం బాగుంటుందా అని అడుగుతాం. ఇవీ అడగండి. మీ పిల్లలకు అవసరం లేకపోయినా అడగండి. పది మంది తల్లిదండ్రులు అడిగిన కాలేజీలో పదకొండో బిడ్డకు ర్యాంపు ఉంటుంది.

పరీక్ష దరఖాస్తులో వైకల్యం ఉందా అని ఒక గడి ఉంటుంది. దాని కిందే స్క్రైబ్ కావాలా, అదనపు సమయం కావాలా అని ఉంటుంది. నెట్ సెంటర్లో పక్కన ఎవరో చూస్తున్నారని ‘లేదు’ నొక్కి వచ్చేవాళ్లున్నారు. ఆ ఏడాది నోటిఫికేషన్ ముందు ఇంట్లో కూర్చుని పూర్తిగా చదవండి, నియమాలు మారుతుంటాయి. ఏ సర్టిఫికెట్, ఏ నమూనా, ఏ తేదీలోపు అన్నవి కాగితం మీద రాసుకోండి. హాల్‌టికెట్ వచ్చిన రోజే అందులో మీరడిగినవి నమోదయ్యాయో లేదో చూడండి. లేకపోతే ఫోన్ చేసి ఊరుకోకుండా ఈమెయిల్ పెట్టి, జవాబు ప్రింటు తీసి పెట్టుకోండి. పరీక్ష ముందు రోజు సెంటర్‌కు వెళ్లి సూపరింటెండెంట్‌ను కలిసి, ఆ ప్రింటు చూపించి, గది ఎక్కడో కనుక్కుని రండి.